రబ్బరు బ్యాండు కళ్ళజోడు

మా ఆడపడుచు కళ్ళజోడు తీసేస్తే ఎదురుగా ఏనుగు నిలబడినా గోడ అనుకుని చెయ్యి ఆనిస్తుంది. అలాంటి మనిషి, అందులోనూ కళ్ళజోళ్ళ షాపు నడిపే ఇంటి పిల్ల, జోడు పెట్టుకోకుండా పెళ్ళికొడుకుని చూసుకోవడానికి బయల్దేరింది. ఆ ఏడు వానాకాలంలో మా ఇంట్లో జరిగిందంతా ఆ తెలివితక్కువ పని పుణ్యమే. సలహా మా అత్తగారిది. ఫోటో తీసిన చెయ్యి నాది.

మా ఆడపడుచుని ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. తలనిండా ఉంగరాల జుట్టు, అందుకని ఉంగరం. మా మామగారు ఓడల మీద పనిచేస్తూ దేశాలు తిరిగి, ఈ ఊళ్ళో దిగి మా అత్తగారిని చూసి, ఇక ఓడెక్కనని కూర్చున్న మనిషి. నల్లటివాడు, మంచి పొడగరి. ఆయన జాతివాళ్ళు ఈ ఊరు మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అత్తగారిది మీగడ రంగు. పిల్లలిద్దరూ, అంటే మా ఆయనా ఉంగరమూ, తండ్రిని అచ్చు గుద్దినట్టు పుట్టారు. అదే రంగు, అదే ఎత్తు, అదే వెడల్పాటి ముక్కు. మామగారు పోయాక ఆయన షాపు ఆడవాళ్ళం ముగ్గురం చూసుకుంటున్నాం. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు.

వాన పట్టుకుందంటే మా షాపుకి మనుషులు రారు. అద్దాల మీద చినుకులు తుడుచుకుంటారు గానీ కొత్త జోడు కొనాలని ఎవరికీ తోచదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఉంగరం కౌంటరు మీద ఫోను పెట్టి నన్ను పిలిచింది.

"వదినా, ఇలా రా. నాకొచ్చిన సంబంధాలు చూద్దువుగాని."

అది మనుషుల్ని జత కలిపే యాప్. ఫోటో, దాని కింద ఎత్తు, ఉద్యోగం, తన గురించి రెండు ముక్కలు. వద్దనుకుంటే వేలితో ఎడమకి తోసెయ్యాలి, నచ్చితే కుడికి. ఇద్దరూ ఒకరినొకరు కుడికి తోసుకుంటేనే మాటలు కలుస్తాయి. ఎంత ఎత్తువాళ్ళు కావాలి, ఏ జాతివాళ్ళు కావాలి అని ముందే గళ్ళు కూడా ఉంటాయి. కూరగాయల బజారులోనే అంత ఏరుకోనివ్వరు.

ఉంగరానికి వచ్చినవే తక్కువ. ఒకడు "మీ రంగువాళ్ళల్లో మీరు చాలా అందంగా ఉన్నారు" అని రాశాడు. ఇంకొకడు "మీలాంటి అమ్మాయితో ఎప్పుడూ తిరగలేదు, ఒక్కసారైనా తిరగాలని ఉంది" అన్నాడు. మూడోవాడు పలకరింపైనా లేకుండా జుట్టు ముట్టుకోనిస్తావా అని అడిగాడు.

"వీడెవడే, పెంపుడు కుక్కనడిగినట్టు అడిగాడు" అన్నాను.

"కుక్కనైతే ముందు దాని యజమానిని అడుగుతారు వదినా" అంది ఉంగరం. నవ్వుతూనే అంది కానీ, ఫోను బోర్లించి పక్కకి పెట్టేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన ఊరుకోకుండా కదిపాడు. "పెళ్ళికి ముందు నేనూ ఉన్నాగా అందులో. రోజూ ఎవరో ఒకరు రాసేవాళ్ళు. మీ వదిన దొరికింది కూడా అక్కడే. నువ్వే బిగదీసుకుని కూర్చుంటావు, అదీ నీతో వచ్చిన చిక్కు."

"నువ్వు మగాడివన్నయ్యా. ఈ రంగూ ఈ పొడుగూ నీ మీద ఉంటే ఎంత ఠీవిగా ఉన్నాడో అంటారు. నా మీద ఉంటే అయ్యో పాపం అంటారు. ఇద్దరం ఒక్క కడుపునే పుట్టాం. నీకు కలిసొచ్చిందే నాకు అడ్డమొస్తోంది, నేనేం చెయ్యను?"

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఫోటో చూసినప్పుడు నేను మొట్టమొదట మనసు పారేసుకున్నది ఆ రంగూ ఆ భుజాలూ చూసే. మా అన్నయ్య అదే రంగు అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చి ఉంటే మా అమ్మ ఏమనేదో నాకు తెలుసు. పక్కనుండి నేనేమనేదాన్నో కూడా తెలుసు.

ఉంగరం నెమ్మదిగానే చెప్పింది. "ఈ వానలు తగ్గేదాకా చూస్తాను. అప్పటికీ ఎవరూ కుదరకపోతే ఇది తీసేస్తా. ఆ తర్వాత ఈ ఇంట్లో నా దగ్గర ఎవరూ పెళ్ళి మాటెత్తకూడదు. ముఖ్యంగా నువ్వమ్మా."

"ఎత్తను. ఒట్టు" అంది అత్తగారు. కానీ ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఉంగరం అన్నంత పనీ చేసే రకం.

తర్వాత గిన్నెలు కడుగుతూ నాతో అంది. "నాకు పెళ్ళి వద్దని కాదు వదినా. నాకూ ఒక మనిషి కావాలనే ఉంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ ముఖాలు రెండు చేతులతో పట్టుకుని చూస్తాను. నా ముఖం అలా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు." నేను ఆ గిన్నెలు తుడిచి బోర్లించాను.

మర్నాడే అత్తగారు రంగంలోకి దిగింది. "కాకిపిల్ల కాకికి ముద్దే. ఊరికి కూడా ముద్దు రావాలిగా. ఆ సోడాబుడ్డి అద్దాలు తియ్యి, అందులో కళ్ళెక్కడున్నాయో వెతుక్కోవాలి. జుట్టు సాపు చెయ్యి. అమ్మాయ్, ఆ ఫోనులో రంగు తేలేసే బొత్తాం ఏదో ఉంటుందటగా, అది కాస్త నొక్కు." నేను నొక్కాను. ఫోటోలో పిల్ల బాగుంది. ఎవరో మాత్రం నాకు తెలియలేదు.

అదేం చిత్రమో, ఆ ఫోటో పెట్టగానే చిల్లుపడ్డ ఆకాశంలా సంబంధాలు కురిశాయి. ఇక ఏరుకునే వంతు మాకొచ్చింది. కౌంటరు వెనక ఇద్దరం తలలు ఆనించి కూర్చుని, వీడి మీసం బాలేదు, వీడు అద్దంలో తన ఫోటో తనే తీసుకున్నాడు, వీడి వెనక ఇల్లు చూడు ఎంత చెత్తగా ఉందో అంటూ తోసేస్తున్నాం. పొట్టివాళ్ళని ఉంగరం చదవకుండానే తోసేస్తోంది.

ఒకాయన ఫోటో దగ్గర నేను ఆగాను. లిఫ్టు మెకానిక్కు. కొండల అవతలి జాతి మనిషి. నిండు ముఖం, సన్నటి కళ్ళు, అణిగిన ముక్కు దూలం. కళ్ళజోడు జారిపోకుండా రెండు కాడలకీ తల వెనక నుంచి రబ్బరు బ్యాండు వేసి కట్టుకున్నాడు. నవ్వు మాత్రం బాగుంది.

"ఈ ముక్కు మీద మన షాపులో ఏ జోడూ నిలవదు. వద్దు తల్లీ, రోజూ రిపేరే" అన్నాను.

"నా భుజం దగ్గరే ఆగిపోతాడు కూడా" అని నవ్వేసి ఉంగరం ఎడమకి తోసేసింది. రెప్పపాటు పని. గురివింద గింజ తన కింద నలుపెరగదన్న సామెత మా ఇద్దరికీ ఆ పూట గుర్తు రాలేదు.

చివరికి ఒకాయన కుదిరాడు. ఎత్తు ఆరడుగులపైన, మంచి ఉద్యోగం, సినిమా వాడిలాంటి ముక్కు. బజారు వీధి మూల మీద టీ హోటల్లో కలుద్దామన్నాడు. నీలం చొక్కా వేసుకుని కిటికీ పక్కన కూర్చుంటానని రాశాడు. అత్తగారు ఉంగరాన్ని కూర్చోబెట్టి వెంట్రుక వెంట్రుకా సాపు చేయించి, కళ్ళజోడు సంచిలో పెట్టించి, నన్ను తోడు పంపింది. "దూరంగా కూర్చో. ఊరికే చూసిరా" అంది.

దారిలో వాన విరుచుకుపడింది. గాలికి గొడుగు తిరగబడింది. హోటలు తలుపు దగ్గరికి చేరేసరికి అత్తగారి కష్టమంతా నీళ్ళపాలైంది. ఉంగరం జుట్టు మళ్ళీ పైకి లేచి, ఎప్పటిలా తన తల చుట్టూ నిలబడింది. "జోడైనా పెట్టుకోవే" అన్నాను. "ఫోటోలో లేదుగా వదినా, గుర్తుపట్టడు" అని లోపలికి నడిచింది. నేను చెప్పులు దులుపుకుని వెనకే వెళ్ళాను.

కిటికీ పక్కన రెండు బల్లలు. రెండింటి దగ్గరా నీలం చొక్కాలే. ఆరడుగులాయన అవతలి బల్ల దగ్గర ఉన్నాడు, ఫోటోలో ఉన్నట్టే. ఉంగరం సూటిగా ఇవతలి బల్ల దగ్గరికెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చోబోయినప్పుడు కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకోవడం చూశాను.

తన వెనక బల్ల దగ్గర కూర్చున్న నేను, చెబుదామని లేచాను. అప్పుడే ఆరడుగులాయన తలెత్తి ఉంగరాన్ని చూశాడు. తడిసిన ఆ జుట్టుని, చేతుల్ని, ముఖాన్ని చూశాడు. ఫోను తీసి అందులో ఫోటో చూశాడు. మళ్ళీ ఉంగరాన్ని చూశాడు. గ్లాసులో సగం టీ అలాగే వదిలేసి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, ఉంగరం పక్కనుంచే నడిచి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. మాటలన్నీ వినపడుతున్నాయి.

"సారీ, ఆలస్యమైంది. వాన" అంది ఉంగరం.

"పర్లేదు" అన్నాడు ఎదుటి మనిషి.

"ఫోటోలో ఇంకా పొడుగ్గా కనిపించారు."

"కూర్చుంటే అందరం ఒకటే ఎత్తండి." రెండు టీలు చెప్పి అన్నాడు. "మీరు వచ్చింది నా కోసం కాదనుకుంటా. చెప్పేద్దామనే అనుకున్నా. బాగా తడిసొచ్చారు, ముందు టీ తాగుతారని ఊరుకున్నాను."

ఉంగరం సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఆయన్ని పరీక్షగా చూసింది. ఆ మనిషి చెవుల వెనక్కి పోయిన రబ్బరు బ్యాండు నాకు అప్పటికే కనిపించింది.

"మీరెవరి కోసం చూస్తున్నారు?" అని అడిగింది.

"ఒకావిడ కోసం. వచ్చింది. తలుపు అద్దంలోంచి నన్ను చూసి వెనక్కి తిరిగెళ్ళిపోయింది. నాకు జోడుంది కదా, బాగానే కనిపించింది." అందులో ఏడుపు లేదు, ఎగతాళీ లేదు. "అలవాటేనండి. మా అక్కకైతే అదే యాప్‌లో రోజూ కుప్పలు కుప్పలుగా వస్తాయి. మా జాతి ఆడవాళ్ళు నెమ్మదస్తులు, చెప్పిన మాట వింటారని అనుకుంటారట. మా అక్క సంగతి తెలీదు వాళ్ళకి. మా మగాళ్ళని మాత్రం మగాళ్ళ లెక్కలోనే వెయ్యరు."

"మా ఇంట్లో తిరగేసి ఉంటుంది. కుప్పలు మా అన్నయ్యకి" అంది ఉంగరం.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. తను బయటివాళ్ళ దగ్గర అలా నోరారా నవ్వడం నేను విని చాలా కాలమైంది. నవ్వుతుంటే ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. దాంతో ఉంగరంలోని షాపు మనిషి బయటికొచ్చింది.

"మీకీ ఫిట్టింగు చేసిందెవరు?"

"ఎక్కడికెళ్ళినా ఇంతేనండి. లిఫ్టు గుంటలోకి వంగితే చాలు, జారిపోతుంది. ఎన్ని జోళ్ళు గుంటల్లో పడ్డాయో. అన్ని ఫ్రేములూ మీలాంటి ముక్కులకే చేస్తారేమో."

"మాలాంటి ముక్కులకీ చెయ్యరు. ఇది నేను వంచుకున్నదే. మా షాపుకి రండి, ముక్కు మీద ఆనే ప్యాడ్లు మారిస్తే నిలుస్తుంది. ముఖం కాదుగా మార్చుకోవాల్సింది" అని షాపు ఎక్కడో చెప్పింది.

తిరిగి వస్తుంటే వాన సన్నగా పడుతోంది. ఉంగరం ముందు అడిగిన మాట, "ఆయన రాలేదా వదినా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "వచ్చాడు. చూసి వెళ్ళిపోయాడు."

తను తలూపింది. కొంతదూరం అలాగే నడిచాం. "నా ఎదురుగా కూర్చున్నాయన్ని గుర్తుపట్టావా?"

"పట్టాను."

"ఆరడుగులాయన నన్నేం చేశాడో, నేనూ ఈయన్ని అదే చేశాను. ఆయన లేచి వెళ్ళడానికైనా కాస్త కష్టపడ్డాడు. నేను వేలితో తోసేశాను." జోడు తీసి చినుకులు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "వస్తే చెప్పేస్తాను."

"చెప్పి ఏం బావుకుంటావే? ఆయన మనసు విరిచేస్తావు, అంతే."

"చెప్పకపోతే నా మనసు నాకు నిలవదు వదినా."

ఆయన వారం తిరక్కుండానే వచ్చాడు. అత్తగారు మామూలు బేరమనుకుని కూర్చోమంది. ఉంగరం కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడితే, కూర్చున్న ఆయన మరీ చిన్నగా కనిపించాడు. జోడు తీసుకుని, రబ్బరు బ్యాండు విప్పి పక్కన పడేసి, రెండు చేతులతో ఆయన ముఖం పట్టుకుని దీపం వైపు తిప్పింది. ముక్కు దూలం ఎంత ఎత్తుందో, చెవులు ఎక్కడున్నాయో చూడటానికి మేమంతా అలాగే పట్టుకుంటాం. కానీ అంతసేపు పట్టుకోం.

"జోడు లేకపోతే మీరు నాకు మసక మసగ్గానే ఉన్నారు" అన్నాడాయన.

"అయితే ఇప్పుడే చెప్తాను, తేలిక." సన్నమూతి పటకారుతో పాత ప్యాడు ఊడదీస్తూ చెప్పింది. "హోటల్లో కలవకముందే యాప్‌లో మీ ఫోటో నాకొచ్చింది. తోసేశాను. ఎత్తు తక్కువని. మీ ముక్కు మీద మేం జోకు కూడా వేసుకున్నాం."

నేను అద్దాలు తుడుస్తున్న గుడ్డ వంక చూస్తూ కూర్చున్నాను.

ఆయన పక్కనున్న రబ్బరు బ్యాండు తడిమి తీసి వేలికి చుట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. "నాకూ మీ ఫోటో వచ్చింది. కళ్ళజోడుతో, ఈ జుట్టుతో ఉన్నది. నేనూ తోసేశాను."

పటకారు ఆగిపోయింది. "ఎందుకని?"

"నాకంటే పొడుగు. ఇంకా..." ఆగాడు. "ఇంకా మీకు తెలిసిందే."

తెలిసిందే. ఆ షాపులో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళకీ తెలిసిందే. అత్తగారి ముఖం జేవురించింది, నోరు తెరవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఉంగరం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయనకి కనిపించవు కాబట్టి తుడుచుకోలేదు. తను చెబితే ఆయన క్షమించేస్తాడని ఎక్కడో ఒక మూల అనుకుని ఉంటుంది. ఇలా తిరిగి తగులుతుందని అనుకోలేదు.

"నన్నెవరు తోసేసినా తెలిసిపోయేదండి, గుచ్చుకునేది" అన్నాడాయన, తను ఎటువైపుందో సరిగ్గా తెలియక గాల్లోకి చూస్తూ. "నేను తోసేటప్పుడు మాత్రం వేలికేమీ తెలియలేదు. మీరు చెప్పాక కూడా నేను చెప్పకుండా కూర్చుంటే బాగుండదు. జోడు ఇచ్చెయ్యండి, వెళ్ళిపోతాను."

ఉంగరం ఇవ్వలేదు. తొందరపడనూ లేదు. ఎత్తు ప్యాడ్లు వెతికి తీసి, బిగించి, కాడలు వేడి చేసి చెవుల వెనక వంపు సరిచేసి, చల్లారాక తన చేతులతోనే ఆయన ముఖానికి పెట్టింది.

"తల ఊపండి. కిందికి వంగండి. లిఫ్టు గుంటలోకి చూస్తున్నట్టు."

వంగాడు. జోడు కదల్లేదు. తలెత్తి చూస్తే ఎదురుగా తడికళ్ళతో ఉంగరం ఉంది. అప్పుడు కనిపించింది ఆయనకి. తల దించుకున్నాడు.

మా మామగారు పెట్టి వెళ్ళిన పద్ధతి ఒకటుంది. జోడు బిగించాక మనిషిని గడప అవతల నిలబెట్టి, ఎదురు మేడ మీది డ్రైవింగ్ స్కూలు బోర్డు చదివించాలి. అది చదివితేనే పని అయినట్టు. ఎంత వానైనా సరే. ఉంగరం కాసేపు నిలబడి ఆలోచించి, "రండి, బోర్డు చదవాలి" అంది.

ఆయన గొడుగు తెరిచి ఎంత ఎత్తి పట్టుకున్నా ఉంగరం జుట్టుకి తగులుతోంది. రెండుసార్లు చూసి, ఉంగరం ఆయన చేతిలోంచి గొడుగు తీసుకుని తనే పట్టుకుంది. ఆయన కాదనలేదు. ఇద్దరూ అలా వీధిలో నిలబడ్డారు.

అత్తగారు లోపల్నుంచి మెడ సాచి చూసింది. "ఆ బోర్డులో అంత రాసుందటే?" అని నన్నడిగింది.

వానలు తగ్గాయి. అన్న మాట ప్రకారం ఉంగరం యాప్ తీసేసింది. ఒట్టు ప్రకారం అత్తగారు పెళ్ళి మాటెత్తలేదు. కానీ లిఫ్టాయన జోడు మాత్రం వారం వారం వదులవుతూనే ఉంది. వస్తాడు, కాడ స్క్రూ వదులైందంటాడు, ఉంగరం బిగిస్తుంది, ఇద్దరూ బయటికెళ్ళి బోర్డు చదువుతారు. "మంచివాడే. కానీ" అని అత్తగారు మొదట్లో నా దగ్గర నాలుగైదుసార్లు నసిగింది. ఆ 'కానీ' తర్వాత ఏముందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కొన్నాళ్ళకి 'కానీ' రావడం మానేసింది. స్క్రూలు వాటంతటవి అన్నిసార్లు వదులవవని, ఆ మనిషి జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉంటుందని ఆవిడకి నాకంటే ముందే తెలుసు.

ఒక ఎండ పూట ఆయన రాగానే, ఉంగరం లేచేలోపు అత్తగారే చెయ్యి చాపింది. "ఇటివ్వు నాయనా, నేను చూస్తాను." కౌంటరు మీద పెట్టి, రెండు స్క్రూలూ బిగించి, సొరుగులోంచి గోళ్ళరంగు సీసా తీసి ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేసింది. ఇక కదలకూడదనుకున్న స్క్రూకి మేం చేసే పని అది. ఆరేదాకా ఊది, ఆయన ముఖానికి పెట్టింది.

"ఇది ఇంక వదులవదు. ఈసారి నుంచి సాకు లేకుండా రావాలి నువ్వు" అంది.

ఆయన ముఖం కందిపోయింది. ఉంగరం వైపు తిరిగి, ఎలా అడగాలో తెలియక అడిగాడు.

"ఆదివారం ఆ టీ హోటల్‌కి వస్తారా?"

"వస్తాను" అంది ఉంగరం. "జోడు పెట్టుకునే వస్తాను."